రిజైన్ చేశాడా, తీసేశారా? ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతున్న నిరుద్యోగ బీమా

ఆరు నెలల కిందటి సంగతి. మా ఖాలా కొడుకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో తొమ్మిదేళ్లుగా వెల్డింగ్ పని చేస్తున్నాడు. ఇంట్లో అందరం భాయ్ అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను. ఆర్డర్లు తగ్గాయి. ఒక శనివారం జీతం ఇచ్చేటప్పుడు ఓనర్ ముగ్గురిని పక్కకి పిలిచి, ‘‘ఒకటో తారీఖు నుంచి రావద్దు, పని ఉంటే నేనే కబురు చేస్తా’’ అన్నాడు. చేతిలో 30,000 పెట్టి, టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. భాయ్ అది చదవలేదు. ఇంగ్లీషులో ఉంది. పైగా తొమ్మిదేళ్లు అన్నం పెట్టిన మనిషి ముందు కూర్చుని కాగితం చదివితే అనుమానించినట్టు ఉంటుందని అనుకున్నాడు.

ఆ కాగితంలో ఉన్నవి రెండే లైన్లు. సొంత కారణాల వల్ల ఉద్యోగం మానేస్తున్నాను. నాకు రావాల్సినవన్నీ ముట్టాయి.

ఓనర్ కబురు చేయలేదు. మూడు నెలలు ఖాళీగా ఉన్నాక ఎవరో చెప్తే, ‘‘ఈఎస్ఐలో ఉద్యోగం పోయినోళ్లకి డబ్బులిస్తారంట, నిజమేనా?’’ అని నా దగ్గరకొచ్చాడు. నిజమే. ఇద్దరం కలిసి బ్రాంచ్ ఆఫీసుకి వెళ్లాం. కౌంటర్‌లో ఉన్నాయన కంప్యూటర్‌లో నంబర్ కొట్టి చూసి మర్యాదగానే చెప్పాడు. ‘‘మీ యజమాని పంపిన రికార్డులో లెఫ్ట్ సర్వీస్ అని ఉందండీ. మీరే మానేసినట్టు. తమంతట తాము మానేసినవాళ్లకి ఈ పథకం వర్తించదు.’’

బయటికొచ్చాక భాయ్ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. ఆ మాట నాకు కొత్త కాదు కాబట్టి.

బీకాం అయ్యాక, రిపోర్టర్ పనిలోకి రాకముందు రెండేళ్లు ఒక అకౌంటెంట్ దగ్గర చేశాను. చిన్న చిన్న యూనిట్లు, బట్టల షాపులు, ఒకట్రెండు స్కూళ్లు మా క్లయింట్లు. ప్రతి నెలా 15వ తేదీలోపు అందరి ఈఎస్ఐ కట్టాలి. ఒక ఎక్సెల్ షీట్ నింపి అప్‌లోడ్ చేస్తాం. పేరు, ఇన్సూరెన్స్ నంబర్, ఎన్ని రోజులు పనిచేశాడు, ఎంత జీతం. రోజులు సున్నా అయితే పక్కన కారణం కోడ్ కొట్టాలి. 1 అంటే సెలవు. 2 అంటే లెఫ్ట్ సర్వీస్. 3 రిటైర్ అయ్యారు. 5 చనిపోయారు. 9 సమ్మె లేదా లాకౌట్. 10 రిట్రెంచ్‌మెంట్, అంటే పని లేక యాజమాన్యమే తీసేసింది. 11 పని లేదు. కొన్ని కోడ్‌లకి చివరిగా పనిచేసిన తేదీ కూడా ఇవ్వాలి.

ఆ రెండేళ్లలో నేను 10 అనే అంకె ఒక్కసారి కూడా కొట్టలేదు. ఎవరు రాకపోయినా 2. లాక్‌డౌన్ దెబ్బకి షాపులు సగం మందిని ఇంటికి పంపినా 2. నన్నెవరూ మోసం చేయమని చెప్పలేదు. అడిగితే ‘‘మనిషి లేడు కదా, 2 కొట్టెయ్’’ అనేవాళ్లు, అంతే. ఆ అంకె అవతల ఒక కుటుంబం మూడు నెలల సగం జీతం ఉంటుందని నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

ఒక్క మాట ఖరీదు ఎంత?

ముందు డబ్బు లెక్క చూద్దాం, అక్కడే విషయం ఉంది. భాయ్ జీతం నెలకు 14,000. ఈఎస్ఐకి ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 2019 జులై నుంచి ఈ రేట్లే. అంటే భాయ్ జీతంలోంచి నెలకు 105 రూపాయలు కోత, ఓనర్ కట్టేది 455. మొత్తం 560.

మన ఇళ్లలో ఈఎస్ఐ అంటే గుణదల ఆస్పత్రి. జ్వరమొస్తే మందులు, కాన్పు, ఆపరేషన్. అంతకుమించి అందులో ఏముందో చాలామందికి తెలీదు. ఉద్యోగం పోయినవాళ్లకి ఇందులో రెండు దారులున్నాయి. మొదటిది పాతది, 2005 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్ చేసినా, పనిలో తగిలిన దెబ్బ కాకుండా వేరే ప్రమాదంలో కనీసం 40 శాతం శాశ్వత వైకల్యం వచ్చి ఉద్యోగం పోయినా భత్యం ఇస్తారు. మొదటి ఏడాది జీతంలో సగం, రెండో ఏడాది పావు వంతు. కుటుంబానికి వైద్యం కూడా ఉంటుంది.

రెండోది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న మొదలైంది. అప్పట్లో సగటు రోజు సంపాదనలో 25 శాతం, జీవితంలో ఒక్కసారి, గరిష్ఠంగా 90 రోజులకి ఇచ్చేవారు. కరోనా వచ్చాక 2020 ఆగస్టులో ఈఎస్ఐ కార్పొరేషన్ దాన్ని 50 శాతానికి పెంచింది. అంతకుముందు ఉద్యోగం పోయిన 90 రోజులకి గానీ డబ్బు అందేది కాదు, దాన్ని 30 రోజులకి తగ్గించారు. దావాని యజమాని ద్వారా పంపాల్సిన అవసరం లేకుండా కార్మికుడే నేరుగా బ్రాంచ్ ఆఫీసులో ఇచ్చుకునే వీలు కల్పించారు. అదే ఏడాది నవంబర్‌లో అఫిడవిట్ అక్కర్లేదన్నారు. మొదట ఆ ఏడాది డిసెంబర్ దాకా అని పెట్టిన గడువుని ఆ తర్వాత విడతలు విడతలుగా పొడిగిస్తూ వచ్చారు. ఇలా విడతల మీద నడిచే పథకం కాబట్టి దావా వేసేముందు తాజా గడువు, తాజా శాతం బ్రాంచ్ ఆఫీసులో అడిగి తీరాలి.

భాయ్‌కి ఎంత రావాలి? నాలుగు కంట్రిబ్యూషన్ పీరియడ్లు, అంటే రెండేళ్ల మొత్తం జీతాన్ని 730 రోజులతో భాగిస్తారు. 14,000 చొప్పున 24 నెలలకి 3,36,000. భాగిస్తే రోజుకి సుమారు 460. అందులో సగం 230. తొంభై రోజులకి 20,700 చిల్లర. పెద్ద మొత్తమేం కాదు. కానీ మూడు నెలల ఇంటి అద్దె, స్కూలు ఫీజు ఒక వాయిదా, కిరాణా ఖాతా. వడ్డీకి తెచ్చుకోకుండా గట్టెక్కే మొత్తం.

మరి ఓనర్‌కి ‘మానేశాడు’ అనే మాటలో ఏం లాభం? ఈఎస్ఐ ఇచ్చే డబ్బు ఆయన జేబులోది కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు, ఆయనకి ఈ పథకం మీద కోపం అనుకుంటారు. ఆయన తప్పించుకుంటున్నది వేరే. ఏడాదిపైన పనిచేసిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేస్తే నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారంగా ఇవ్వాలి. భాయ్ లెక్కలో నోటీసు జీతం 14,000. ఏడాదికి సుమారు 7,000 చొప్పున తొమ్మిదేళ్లకి 63,000. మొత్తం 77,000. మానేశాడు అని రాయించుకుంటే ఇది సున్నా. అయిదేళ్లు దాటినవాళ్లకి మానేసినా రావాల్సిన గ్రాట్యుటీ ఉంది, అది దీనికి అదనం, దాని గొడవ ఇంకో రోజు రాస్తాను.

అంటే చేతిలో పెట్టిన ఆ 30,000తో ఓనర్ 77,000 తప్పించుకున్నాడు. భాయ్ ఆ 77,000తోపాటు ఈఎస్ఐలో వచ్చే 20,700 కూడా పోగొట్టుకున్నాడు. రెండో నష్టంతో ఎవరికీ లాభం లేదు, ఓనర్‌కి కూడా. మొదటి దానికోసం రాయించుకున్న కాగితం దాన్ని ఊరికే ముంచేసింది.

ఇది ఒక వర్గం యజమానుల పని అని రాస్తే మనకి హాయిగా ఉంటుంది. కానీ నేను ఆ ఎక్సెల్ షీట్లు నింపినవాణ్ణి. మన భాయ్‌ల దుకాణాలూ, మన వర్క్‌షాపులూ ఇందులో తక్కువేం కాదు. ఏటేటా జకాత్ లెక్క రూపాయితో సహా చూసుకునే సేఠ్ కూడా పనివాణ్ణి తీసేసిన రోజు ఈ రెండు లైన్ల కాగితమే బయటికి తీస్తాడు. ‘మన పిల్లోడే కదా, మళ్లీ పిలుస్తాం’ అనుకుంటాడు. పిల్లోడు కూడా అలాగే అనుకుంటాడు. మళ్లీ పిలుస్తాడనే ఆశే అతని చేత సంతకం పెట్టిస్తుంది.

పేరు కలవదు, రోజులు చాలవు

ఈ మాట గండం దాటినవాళ్లకి ఇంకో రెండు గండాలుంటాయి.

ఒకటి మన పేర్లు. ఆధార్‌లో షేక్ అని పూర్తిగా, బ్యాంకు పాస్‌బుక్‌లో ఎస్‌కే అని రెండు అక్షరాలు, ఈఎస్ఐ కార్డులో ఇంటిపేరే లేకుండా. మహమ్మద్ అనే పేరుకి ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులున్నాయో అన్నీ ఒకే ఇంట్లో దొరుకుతాయి. ఆడవాళ్లకి ఒకచోట బేగం, ఒకచోట బీ, పెళ్లయ్యాక ఇంకోటి. దావాకి ఆధార్, బ్యాంకు ఖాతా రెండూ ఈఎస్ఐ రికార్డుకి అనుసంధానం అయి ఉండాలి. ఉద్యోగం ఉన్నప్పుడు ఓనర్ చేత ఒక్క రోజులో సరిచేయించుకోగలిగిన ఈ తేడా, ఉద్యోగం పోయాక నెలలు తినేస్తుంది. ఇది చదువుతున్నవాళ్లలో ఈఎస్ఐ కోత పడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఆదివారం మూడు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

రెండోది రోజుల లెక్క. ఈఎస్ఐలో ఏడాదికి రెండు పీరియడ్లు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. మొదట పెట్టిన నిబంధన ప్రకారం రెండేళ్ల బీమా ఉద్యోగం ఉండి, నాలుగు పీరియడ్లలోనూ ఒక్కోదానిలో కనీసం 78 రోజుల కంట్రిబ్యూషన్ ఉండాలి. 2020 సడలింపులో ఉద్యోగం పోవడానికి ముందున్న పీరియడ్‌లో 78 రోజులు, మిగతా మూడింట్లో ఏదో ఒకదానిలో 78 రోజులు ఉంటే చాలన్నారు. నెలంతా పని ఉన్నవాడికి 78 రోజులు మూడు నెలల పని. కానీ ఉద్యోగం ఒక్కసారిగా పోదు కదా. ముందు వారానికి నాలుగు రోజులవుతుంది, తర్వాత రెండు, తర్వాత ‘కబురు చేస్తా’. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్రాలో మొదట కంగారుపడింది రొయ్యల రంగమే. కైకలూరు వైపు చెరువుల దగ్గర రేటు పడితే ప్రాసెసింగ్ షెడ్లలో తలలు వలిచే ఆడవాళ్లకి పని దినాలు తగ్గుతాయి. పూర్తిగా పని పోయేనాటికి రికార్డులో 78 రోజులు మిగలకపోవచ్చు. ఓనర్ కొన్ని రోజులు రికార్డులో చూపించకపోతే, కాంట్రాక్టర్ మధ్యలో మారి కొత్త నంబర్ తీస్తే ఇంకా కష్టం. ఒకే మనిషికి రెండు ఇన్సూరెన్స్ నంబర్లుండటం నేను నింపిన షీట్లలోనే చూశాను. పాత నంబర్‌లో రోజులు పాతదాంట్లోనే ఉండిపోతాయి.

దావా వేసే పద్ధతిలో కూడా తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. రాబోయే నెలకి ముందుగా అడగడం కుదరదు. ఖాళీగా గడిచిన పూర్తి నెలకే డబ్బు. మధ్యలో ఉద్యోగం దొరికితే అప్పటిదాకా పూర్తయిన నెలలకి ఇస్తారు. దావాని ఈఎస్ఐ వెబ్‌సైట్‌లో ఇన్సూరెన్స్ నంబర్‌తో లాగిన్ అయి వేసి, ప్రింట్ తీసి సంతకం పెట్టి, ఆధార్ కాపీ, పాస్‌బుక్ కాపీ జతచేసి బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వాలి. ఉద్యోగం పోయిన ఏడాదిలోపే వేయాలి. చాలామంది ‘దొరుకుతుందిలే’ అని చూస్తూ చూస్తూ ఆ ఏడాది దాటించేస్తారు. అమెరికాలో మనవాళ్లని అడిగి చూడండి, అక్కడ నిరుద్యోగ భత్యం వస్తున్నన్నాళ్లూ చాలా రాష్ట్రాల్లో వారం వారం లాగిన్ అయి ఈ వారం పనిచేశావా, పని వెతికావా, పనికి సిద్ధంగా ఉన్నావా అన్న ప్రశ్నలకి జవాబివ్వాలి. ఒక్క వారం మర్చిపోతే ఆ వారం డబ్బు ఆగుతుంది. హెచ్1బీ మీద ఉన్న మన పిల్లలకి ఆ ‘పనికి సిద్ధం’ అన్న ప్రశ్న దగ్గరే చిక్కు, వీసా కంపెనీకి కట్టేసి ఉంటుంది కాబట్టి.

కరోనా ఏడాదిలో ఈ పథకం లక్షల మందికి అందుతుందని అంచనా వేసుకుంటే డబ్బు అందింది వేలల్లోనే. అడిగేవాళ్లు లేక మిగిలిపోయింది. అదే రోజుల్లో వించిపేటలో, భవానీపురంలో, సింగ్‌నగర్‌లో మసీదు కమిటీల రేషన్ కిట్ల కోసం నిలబడినవాళ్లలో ఏళ్ల తరబడి ఈఎస్ఐ కోత పడినవాళ్లు ఎంతమంది ఉన్నారో. కిట్ ఇచ్చినవాళ్లకి అల్లా మేలు చేయుగాక. కానీ ఆ లైన్‌లో కొందరి హక్కు ఇంకో ఆఫీసులో పడి ఉంది. హక్కు అనే మాట మన ఉర్దూ హఖ్ నుంచే తెలుగులోకి వచ్చింది. మాట ఇచ్చిన మనమే దాన్ని అడగడం మర్చిపోయాం.

లైన్‌లోకే రానివాళ్లు

ఇంతవరకూ చెప్పింది ఈఎస్ఐ ఉన్నవాళ్ల గురించి. ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

పది మంది, ఆపైన పనిచేసేచోటే ఈఎస్ఐ తప్పనిసరి. ఆటోనగర్‌లో మనవాళ్ల మెకానిక్ షెడ్లు, పెయింటింగ్, సీట్ల పని, రేడియేటర్ రిపేరు, ఎక్కువ భాగం నలుగురైదుగురితో నడిచేవే. జీతం 21,000 దాటితే కూడా బయటే. ఆ పరిమితి 2017 జనవరి నుంచి మారలేదు, ధరలు మాత్రం మారాయి. మచిలీపట్నంలో రోల్డ్ గోల్డ్ పని ఇళ్లలో జరుగుతుంది, పీసు లెక్కన కూలీ. పెడన కలంకారీలో అద్దకం అద్దేవాడికీ, వస్త్రలతలో మూటలు మోసేవాడికీ యజమాని ఎవరో కాగితం మీద తేలదు. ఆటో నడిపేవాడికి అసలు లేడు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద గుర్తుంది కదా. నీళ్లు తీశాక సర్వేకి వచ్చారు. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులవాళ్లకి 10,000 అని ప్రకటించారు. దుకాణాలకి, బండ్లకి విడిగా లెక్కలు వేశారు. ఫ్రిజ్ పోయిందా, మంచం పోయిందా అని అడిగారు. షాపు మునిగి నెల రోజులు తెరవకపోతే అందులో పనిచేసే సేల్స్ కుర్రాడికి పోయిన నెల జీతం ఏ కాలమ్‌లో రాయాలో ఆ ఫారంలో చోటు లేదు. అంతకుముందు 2019లో ఇసుక దొరక్క కృష్ణా, గుంటూరు జిల్లాల్లో తాపీ మేస్త్రులు, సెంట్రింగ్ పనివాళ్లు నెలల తరబడి ఖాళీగా కూర్చున్నారు. రెండు పార్టీలూ దాని మీద దీక్షలు, మార్చ్‌లు చేశాయి. కట్టడాల మీద సెస్ వసూలు చేసే సంక్షేమ బోర్డు ఉంది, దాంట్లో ప్రమాదానికి, ప్రసవానికి సాయం ఉంది. పని లేని నెలకి లేదు.

కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. అందులో మనకి పనికొచ్చేవి మూడు కనిపిస్తున్నాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. పది మంది కంటే తక్కువ ఉన్న యూనిట్లు కూడా ఇష్టపడితే ఈఎస్ఐలో చేరొచ్చు, ప్రమాదకర పనుల్లో అయితే ఒక్కరున్నా చేరాల్సి రావచ్చు. రిట్రెంచ్ అయిన కార్మికుడికి అదనంగా 15 రోజుల జీతం రీస్కిల్లింగ్ ఫండ్ కింద 45 రోజుల్లోపు ఖాతాలో వేయాలి. మూడోది వినడానికి బాగుంది. కానీ అది కూడా రిట్రెంచ్ అనే మాట మీదే ఆధారపడింది. అంటే కొత్త చట్టం ఆ మాట ఖరీదుని ఇంకో 15 రోజులు పెంచింది. ఖరీదు పెరిగేకొద్దీ దాన్ని రాయకుండా తప్పించుకోవాలనే కోరిక కూడా పెరుగుతుంది. నా భయం అదే. డెలివరీ బాయ్స్ కోసం కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రతా నిధికి కట్టాలని కూడా కోడ్‌లో ఉంది. అయితే యాప్‌లో ఐడీ బ్లాక్ చేయడాన్ని ఉద్యోగం పోవడం అంటారా అనడిగితే జవాబు చెప్పే సెక్షన్ నాకు కనపడలేదు.

ఇక పీఎఫ్. ‘ఉద్యోగం పోతే పీఎఫ్ తీసుకోవచ్చు కదా’ అంటారు. అది బీమా కాదు, మన సొంత డబ్బు. 2025 అక్టోబర్ 13న పీఎఫ్ ట్రస్టీల బోర్డు తీసుకున్న నిర్ణయం ప్రకారం 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగతా పాతిక శాతానికి రెండు నెలలకి బదులు ఏడాది ఆగాలి. దాని మీద టీవీల్లో వారం రోజులు గొడవ జరిగింది. ఈఎస్ఐ నిరుద్యోగ సాయం మీద ఒక్క రోజు చర్చ నేను చూడలేదు.

రాష్ట్రంలో నిరుద్యోగం మాటెత్తితే అందరికీ గుర్తొచ్చేది భృతి. 2018 అక్టోబర్ 2న ముఖ్యమంత్రి యువనేస్తం పేరుతో చదువుకున్న నిరుద్యోగులకి నెలకు 1,000 ఇవ్వడం మొదలుపెట్టారు. 2019లో ప్రభుత్వం మారాక ఆగింది. 2024 ఎన్నికల్లో సూపర్ సిక్స్‌లో నెలకు 3,000 అన్నారు. పంజా సెంటర్‌లో టీ తాగుతూ మన కుర్రాళ్లు మాట్లాడుకునేది ఈ 3,000 గురించే. అడగడంలో తప్పులేదు. కానీ భృతి డిగ్రీ చదివి ఇంకా ఉద్యోగం దొరకని పిల్లాడికి. నలభై ఏళ్లకి వెల్డింగ్ టార్చ్ పక్కన పెట్టాల్సి వచ్చిన భాయ్ లాంటివాళ్లకి ఉన్నది ఈఎస్ఐ ఒక్కటే, దానికి అతను నెలకు 105 కట్టాడు కూడా.

దుబాయ్‌లోనూ అదే మాట

మన చాలా కుటుంబాల్లో ఒకరైనా గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. యూఏఈలో 2023 జనవరి 1 నుంచి ఐఎల్ఓఈ అనే నిరుద్యోగ బీమా తప్పనిసరి చేశారు. అక్కడివాళ్లకే కాదు, మనవాళ్లకీ వర్తిస్తుంది. సౌదీలో ఇలాంటిది ఉన్నా సౌదీ పౌరులకే. యూఏఈలో బేసిక్ జీతం 16,000 దిర్హమ్‌ల లోపు ఉన్నవాళ్లు నెలకు 5 దిర్హమ్‌లు కట్టాలి. చేరకపోతే 400 దిర్హమ్‌ల జరిమానా. వరుసగా 12 నెలలు కట్టి ఉంటే, ఉద్యోగం పోయినప్పుడు చివరి ఆరు నెలల సగటు బేసిక్‌లో 60 శాతం, గరిష్ఠంగా మూడు నెలలు ఇస్తారు.

జరిమానా భయంతో అందరూ కడుతున్నారు. దావా వేయాలని ఎంతమందికి తెలుసు? గడువు 30 రోజులే. మన ఈఎస్ఐలో ఏడాది ఉంటే అక్కడ నెల. అక్కడ కూడా రిజైన్ చేసినవాళ్లకి రాదు, క్రమశిక్షణ చర్య మీద తీసేసినవాళ్లకి రాదు. వీసా క్యాన్సిల్ కాగితాల మధ్యలో రాజీనామా పత్రం పెట్టి సంతకం తీసుకుంటే కథ ఆటోనగర్‌లో జరిగిందే. దేశం వదిలి వచ్చేస్తే కూడా ఆగిపోతుంది. ఉద్యోగం పోయిన వారంలోపే టికెట్ చేతిలో పెట్టి పంపించేస్తే 30 రోజుల గడువు ఉన్నా లేనట్టే.

బేసిక్ అనే మాట కూడా గమనించాలి. 2,000 దిర్హమ్‌ల జీతం అని ఇంట్లో చెప్పుకుంటాం, కాంట్రాక్ట్‌లో బేసిక్ 1,200, మిగతాది గది, భోజనం అలవెన్సులని ఉంటుంది. అప్పుడు బీమా నెలకు 720 దిర్హమ్‌లే. ఇంటిపనికి వెళ్లిన మన ఆడవాళ్లని ఈ పథకం నుంచి మొత్తంగా మినహాయించారు. అందరికంటే తేలిగ్గా పనిలోంచి తీసేసేది వాళ్లనే.

దుబాయ్‌లో అన్న ఉన్నవాళ్లు, తమ్ముడు ఉన్నవాళ్లు ఫోన్ చేసినప్పుడు అడగాల్సింది ఇదే. అరబీలో, ఇంగ్లీషులో ఏ కాగితం ఇచ్చినా ముందు ఫొటో తీసి పంపమనండి. ఇంట్లో చదువుకున్న పిల్ల ఎవరో ఒకరు ఉంటారు. ఫోన్‌లో అనువాదం చేసి చూస్తే రాజీనామా అనే మాట పది సెకన్లలో దొరుకుతుంది. ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్లకీ అంతే. డబ్బులు తీసుకోండి, రసీదు మీద సంతకం పెట్టండి, కానీ ‘సొంత కారణాల వల్ల మానేస్తున్నాను’ అన్న లైన్ కొట్టేసి ‘పని లేనందున యాజమాన్యం నిలిపివేసింది’ అని రాయించుకోండి. రాయనంటే, రావద్దని ఓనర్ పంపిన వాట్సాప్ మెసేజ్, వాయిస్ మెసేజ్ ఏదైనా దాచుకోండి. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే అవే సాక్ష్యం.

భాయ్ దగ్గర ఒక వాయిస్ మెసేజ్ ఉంది. తీసేసిన మూడో రోజు ‘‘పని లేక పంపించానురా, ఏమనుకోకు’’ అని ఓనర్ మంచితనంతో పెట్టింది. ఆయన నిజంగా చెడ్డవాడు కాదు. దాన్ని తీసుకుని పోయిన వారం ఇద్దరం షెడ్డుకి వెళ్లాం. గొడవ పడలేదు. 77,000 ఊసెత్తవద్దని భాయ్ ముందే నా దగ్గర మాట తీసుకున్నాడు, నాకు నచ్చలేదు కానీ సంసారం అతనిది. ‘‘సేఠ్, మీ డబ్బు వద్దు, ఈఎస్ఐ ఆఫీసుకి ఒక ఉత్తరం రాసివ్వండి, పని లేక తీసేశామని. వాళ్ల డబ్బు వాళ్లే ఇస్తారు’’ అన్నాడు భాయ్. ఓనర్ కాసేపు ఆలోచించి అకౌంటెంట్‌కి ఫోన్ కలిపి నాకు ఇచ్చాడు.

అవతల కుర్రాడి గొంతు. నా వయసే ఉంటుంది, బహుశా నా బీకామే. ‘‘అన్నా, నేను 2 కొట్టాను. మరి ఏది కొట్టాలి?’’ అన్నాడు. 10 అని చెప్పాను. ఇప్పుడు షీట్‌లో మార్చడం కుదరదు, లెటర్ హెడ్ మీద ఉత్తరం తయారు చేస్తాను, సేఠ్ సంతకం పెడితే సోమవారం వచ్చి తీసుకోండి అన్నాడు. ఏడాది గడువులో ఇంకా ఆరు నెలలున్నాయి.